బిడ్డను చూశాను

కల్లూరులో నన్ను దొడ్డి మేడమ్ అంటారు. ఎదురుగా అనరు, నేను వీధి మలుపు తిరిగాక అంటారు. నాకు చెవులు బాగా పనిచేస్తాయి కాబట్టి వినిపిస్తుంది. మా నాయన ప్రేమయ్య పెట్టిన పేరు కృపమణి. ఆ పేరుతో పిలిచేవాళ్లు ఇప్పుడు ఇద్దరు ముగ్గురికి మించి లేరు.

అనడంలో తప్పు లేదు, చేసేది ఆ పనే. రెండేళ్లలోపు పిల్లల పేగుల్లో ఏ వైరస్‌లు ఎప్పుడు చేరుతున్నాయి, చేరినప్పుడు దొడ్డి ఎలా మారుతోంది అని కనిపెట్టే పరిశోధన ఒకటి మా ఊళ్లో జరుగుతోంది. నా వంతుకు ముప్పై నాలుగు ఇళ్లు. వారానికొకసారి ప్రతి ఇంటికీ పోవాలి. ఆ పొద్దున బిడ్డ పోయిన దొడ్డిని చిన్న డబ్బాలో తీసుకుని, ఐసు పెట్టెలో పెట్టుకుని, పుస్తకంలో ఒక వరుస రాసి, మధ్యాహ్నంలోగా ఆఫీసుకు చేర్చాలి. వరుసలో తేదీ ఉంటుంది. దాని పక్కన గట్టి, మెత్తన, జారుడు, నీళ్లు అని నాలుగు గళ్లు. నీళ్లు అని రాస్తే ఆ రోజే నర్సు వచ్చి బిడ్డను చూసి ఓఆర్‌ఎస్ పొట్లాలు, పద్నాలుగు రోజుల జింకు మాత్రలు ఇచ్చిపోతుంది. వరుస చివర ఇంకో గడి ఉంది. దాని మీద "బిడ్డను చూశాను" అని అచ్చు వేసి ఉంటుంది. చూస్తే టిక్కు, చూడకపోతే సున్నా.

జనానికి ఇదంతా నవ్వులాట. కానీ ఇది చేతకానివాళ్ల పని కాదు. డబ్బా మూత తీస్తే ఆ ఇంట్లో నిన్న ఏం వండారో చెప్పగలను. ఎవరు ఆవుపాలు మొదలుపెట్టారో, ఎవరు మందుల షాపులో అడిగి సీసా మందు పోసేశారో చెప్పగలను. వైరస్ ఉన్నా దొడ్డి మామూలుగానే ఉండొచ్చని, దొడ్డి జారినా వైరస్ ఉండకపోవచ్చని మా డాక్టరమ్మ చెప్పకముందే నాకు తెలుసు. పదో తరగతి తప్పినదాన్ని. అయినా గళ్ల దగ్గర అనుమానం వస్తే ఆఫీసులో చదువుకున్న పిల్లలు నన్నే పిలుస్తారు. ఈ సంగతి చెప్పుకోవడానికి నాకు సిగ్గేమీ లేదు. గర్వంగానే ఉంటుంది.

పదకొండేళ్లు కాపురం చేశాక, పిల్లలు పుట్టలేదని నా మొగుడు ఆత్మకూరులో ఇంకొకామెను తెచ్చుకున్నాడు. నేను పెట్టె సర్దుకుని కర్నూలు బస్సెక్కి, ఊరిని ఆనుకుని ఉన్న ఈ కల్లూరులో చేరాను. "పిల్లల్లేనిదానికి పిల్లల దొడ్డి రాసిపెట్టినాడు దేవుడు" అని పాలిష్ ఫ్యాక్టరీ సందులో ఉండే సుంకమ్మ ఒకసారి నా ముందే అంది. నేను నవ్వాను. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ రెండు పనులూ నాకు బాగానే వచ్చు.

ముప్పై మూడు ఇళ్లలో నాకు గుమ్మం బయటే ప్లాస్టిక్ కుర్చీ వేస్తారు. పెట్టెను చూసి వేస్తారో నన్ను చూసి వేస్తారో నేనెప్పుడూ అడగలేదు. అడిగి తెలుసుకుని చేసేదేముంది? ముప్పై నాలుగో ఇల్లు నాగజ్యోతిది. బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ వెనక సందులో రెండు గదుల బాడుగ ఇల్లు. ఆమెకు ఇరవై మూడేళ్లు. మొగుడు శివశంకర్ బండల లారీ నడుపుతాడు, వారంలో నాలుగు రోజులు రోడ్డు మీదే ఉంటాడు. నాగజ్యోతి మొదటి రోజే నన్ను లోపలికి రమ్మని మంచం మీద కూర్చోబెట్టింది. బిడ్డ అప్పుడు మూడు నెలల వాడు, పేరు భూపేష్.

"తిన్నావా అక్కా?" అని అడిగింది.

అంతే. పెద్ద మాటేం కాదు. కానీ నన్ను ఆ మాట అడిగేవాళ్లు లేక చాలా ఏళ్లయింది. తినకపోయినా తిన్నానన్నాను. ఆమె నమ్మకుండా గిన్నెలో బొరుగుల ఉగ్గాని పెట్టి ఇచ్చింది. అప్పటినుంచి మంగళవారాలు వాళ్లింటిని చివరికి పెట్టుకున్నాను, తొందరగా లేచి రావాల్సిన పని లేకుండా. మిగతా ఆరు రోజులు మంగళవారం కోసం ఎదురుచూసేదాన్ని. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

పదకొండు నెలల్లో భూపేష్‌కు మూడుసార్లు నీళ్ల బేదులు పట్టుకున్నాయి. ఒకసారి రోటా వైరస్ అని, ఇంకోసారి నోరో అని కాగితాలు వచ్చాయి. మూడోసారి ఏమీ దొరకలేదు. మూడుసార్లూ నాగజ్యోతి బిడ్డను ఒళ్లో వేసుకుని, ఓఆర్‌ఎస్ నీళ్లు చెంచాతో పోస్తూ, వాంతి చేసుకుంటే కాసేపు ఆగి మళ్లీ పోస్తూ కూర్చుంది. చనుబాలు ఆపలేదు. నేను చెప్పినవన్నీ తు.చ. తప్పకుండా చేసింది. అదంతా నా పుస్తకంలో తేదీలతో సహా ఉంది. కానీ మూడుసార్లు బేదులు పట్టిన పిల్లవాడు పక్కింటి పిల్లల్లా బొద్దుగా ఎలా ఉంటాడు? కాస్త సన్నబడ్డాడు.

అలాంటి సమయంలో ఒక మంగళవారం వాళ్లత్త నాగలక్ష్మమ్మ మైదుకూరు నుంచి వచ్చి ఉంది. కడప జిల్లా మనిషి, గట్టి మనిషి. నేను డబ్బా మూత బిగిస్తుంటే వచ్చి నిలబడింది.

"ఏంది అది? యాడికి తీస్కపోతాండావు?"

"పరీక్షకమ్మా. ప్రతి వారం తీసుకపోతాం."

"ప్రతి వారమా!" ఆమె కోడలి వైపు తిరిగింది. "బిడ్డ దొడ్డి గడప దాటిస్తే బిడ్డ ఒళ్లు నిలబడ్తాదా ఏమే? మా పక్క పుట్టెంటికలు, గోళ్లు గూడా పరాయోళ్ల కంట పడనీము. నువ్వు డబ్బాలో పెట్టి చేతికిస్తాండావా? అందుకే పిల్లోడు ఎండుకపోతాండాడు."

అప్పుడు నేను నోరు మూసుకోవాల్సింది. నా నోరు నా మాట వినదు.

"డబ్బాలో ఏం లేదమ్మా. రోగం ఉంటే నీ గోళ్లల్లో ఉంటాది. బిడ్డను ఎత్తుకునే ముందర చేతులు సబ్బుతో కడుక్కో" అన్నాను.

నాగలక్ష్మమ్మ ముఖం ఎర్రబడింది. నాగజ్యోతి భయంతో నా వైపు చూసింది. నేను పెట్టె తగిలించుకుని, బాగా బుద్ధి చెప్పానని సంబరపడుతూ వచ్చేశాను.

తరువాతి మంగళవారం పోయేసరికి ఇంటి ముందు తీగ మీద ఒక్క బిడ్డ గుడ్డ కూడా ఆరలేదు. ఉయ్యాల చీర మడతపెట్టి గూట్లో పెట్టి ఉంది. నాగజ్యోతి కళ్లు వాచి ఉన్నాయి.

"వాళ్ల నాయన ఎత్తుకోని అంగడికి పోయినాడక్కా. ఇదిగో, పొద్దున్నే తీసి పెట్టినా" అని డబ్బా చేతికిచ్చింది.

మూత తీశాను. పైకి మెత్తగానే ఉంది. లోపల వేరుశనగ గింజల ముక్కలు, ఎర్రటి పొట్టుతో సహా. భూపేష్‌కు ఉన్నవి ముందు పళ్లు నాలుగు. రాగి సంగటి మెదిపి పెడితేనే రెండు ముద్దలు తినేవాడు. ఇది రెండున్నరేళ్ల పిల్ల దొడ్డి. పక్కింట్లో సుంకమ్మ మనవరాలు తనూజ ఉంది. జేబునిండా శనక్కాయలు పోసుకుని తిరుగుతుంటుంది.

ఒక్క చూపులో తెలిసింది. బిడ్డ ఇంట్లో లేడు. అత్త తీసుకుపోయింది. ఈ పిల్ల ఎందుకో దాస్తోంది.

మూడు వారాలు వరుసగా బిడ్డ లేకపోతే పరిశోధనలోంచి పేరు కొట్టేస్తారు. ఆ సంగతి ఆమెకు తెలుసు, చేరిన రోజు నేనే చెప్పాను. పేరు కొట్టేస్తే నాకు ఆ ఇంటికి పోయే పని ఉండదు. పని లేకపోయినా పోవచ్చు కదా అని మీరనొచ్చు. పని లేకుండా నన్ను ఇంటికి పిలిచినవాళ్లు లేరు. ఎలా పోవాలో, పోయి ఏమని తలుపు తట్టాలో నాకు తెలియదు. అందుకని పుస్తకం తెరిచి మెత్తన అని రాశాను. చివరి గడిలో టిక్కు పెట్టాను. బిడ్డను చూశాను.

ఆ టిక్కు నాగజ్యోతికి కనపడలేదు. ఆమె పొయ్యి దగ్గర ఉంది.

రెండో వారం కూడా అంతే. బిడ్డ నిద్రపోతున్నాడంది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే ఫ్యాక్టరీలో బండ కోసే రంపం చప్పుడు గదిలోకే వచ్చి కూర్చున్నట్టుంది. ఇద్దరం మంచం మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరాం. ఏరుతూ ఎవరి అబద్ధం వాళ్లు పట్టుకుని ఊరికే ఉన్నాం. నిజం చెప్పాలంటే ఆ పూట నాకు సుఖంగానే ఉంది. బిడ్డ లేనందువల్ల ఆమె నాతో ఇంకో గంట ఎక్కువ కూర్చుంది. అలా అనుకున్నందుకు తరువాత నన్ను నేనే తిట్టుకున్నాను. కానీ అనుకోవడం మాత్రం అనుకున్నాను.

మూడో మంగళవారం నేను డబ్బా మూత తీయకముందే ఆమె ఏడ్చేసింది.

"తప్పు పట్టుకోవాకు అక్కా. నా బిడ్డ ఈడ లేడు. ఆ పొద్దు నువ్వు పోయినంక మా అత్త శానా రచ్చ జేసె. నాకు బిడ్డను సాకడం రాదంట, దొడ్డి అమ్ముకుంటాండానంట. మా ఇంటాయన వాళ్లమ్మ మాటే విన్యాడు. పిల్లోన్ని ఎత్తుకోని మైదుకూరు పోయినారు. నన్ను రావద్దనిరి. ఈ మూడు వారాలు తనూజది అడుక్కోని ఇస్తాండా."

"ఎందుకట్ల చేసినావు?"

"పుస్తకంలో వాని పేరు పోకూడదక్కా. నేను ఎంత బాగా చూసుకున్నానో అంతా దాంట్లోనే గదా ఉండాది. ఆదివారం సుబ్బయ్య మామ ఫ్యాక్టరీలో పంచాయితీ పెట్టినారు. వాళ్లు బిడ్డను తీసుకొస్తారు. నువ్వు పుస్తకం తెచ్చి చదువు. బేదులు వైరస్‌తో వచ్చినాయని, నేను నిర్లక్ష్యం చెయ్యలేదని చెప్పు. బిడ్డ నా దగ్గరికి రావాలంటే అదొక్కటే దారి. మా నాయన లేడు, మాయమ్మ మా అన్నోళ్లతో బెంగళూరులో కూలికి పోయింది. నాకు మాట్లాడేవాళ్లు ఎవరుండారు, నువ్వు తప్ప?"

నువ్వు తప్ప అంది. నా నలభై ఆరేళ్లలో ఆ మాట నాతో అన్నది ఆమె ఒక్కతే.

అప్పుడు చెప్పాలి. నాకు మొదటిరోజే తెలుసమ్మా, తెలిసీ చూశానని టిక్కు పెట్టాను, ఈ పుస్తకం ఇప్పుడు నీకు పనికిరాదు, ఇంకో దారి చూద్దాం అని చెప్పాలి. చెబితే ఆమె నా వైపు ఎలా చూస్తుందో ఊహించుకున్నాను. "పోనీలే, ఏం కాదు. నేనొస్తా" అన్నాను. పేరు పోకుండా ఆ రోజు వరుసలో కూడా మెత్తన అని రాసి టిక్కు పెట్టాను. పాత నెలలు చదివి పుస్తకం మూసేస్తే చాలు, చివరి మూడు వరుసలు ఎవరు చూడొచ్చారు అనుకున్నాను. కొట్టేద్దామన్నా దారి లేదు. కార్బన్ కాపీలు ఎప్పుడో ఆఫీసుకు పోయాయి.

ఆ ఆదివారం చర్చిలో ఆరాధన మానేశాను. పని లేని రోజు పుస్తకం బయటికి తీయకూడదని ఆఫీసు నియమం, అదీ మీరాను.

సుబ్బయ్యది పాలిష్ ఫ్యాక్టరీ. శివశంకర్ నడిపేది ఆయన లారీనే. అరవై దాటిన మనిషి, నిదానంగా మాట్లాడతాడు. ఆయన మాట ఆ వీధిలో చెల్లుతుంది. రేకుల షెడ్డు కింద నాలుగు కుర్చీలు వేయించాడు. నాగలక్ష్మమ్మ బిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చుంది. పొద్దున్నే బస్సెక్కి మైదుకూరు నుంచి వచ్చారు. బిడ్డ మీద పైట కొంగు కప్పి ఉంది. శివశంకర్ నేల చూస్తున్నాడు. నాగజ్యోతి బిడ్డ వైపు రెండడుగులు వేసింది. అత్త కొంగు ఇంకాస్త ముందుకు లాక్కుంది. ఆ పిల్ల అక్కడే ఆగిపోయింది.

"చెప్పమ్మా" అన్నాడు సుబ్బయ్య నాతో.

పుస్తకం తెరిచి చదివాను. ఏ తేదీన నీళ్లు, ఏ తేదీన నర్సు వచ్చింది, నాగజ్యోతి ఎన్ని పొట్లాలు కలిపి పోసింది, ఎన్ని రోజులకు మళ్లీ మెత్తన అయింది, ఏ వైరస్ దొరికింది, అన్నీ చదివాను. నా గొంతు ఖంగున మోగింది. సుబ్బయ్య తల ఊపుతున్నాడు. నాగజ్యోతి ముఖం కొంచెం తేటపడింది. పుస్తకం మూశాను.

"ఒకసారి ఇట్లియ్యక్కా" అన్నాడు శివశంకర్.

ఇవ్వకుండా ఎలా ఉంటాను? అతను చివరి పేజీ తిప్పాడు. వేలు పెట్టి, పెదవులు కదుపుతూ చదువుకున్నాడు. మళ్లీ చదివాడు.

"మామా, పోయిన మంగళవారం నా కొడుకు కల్లూరులో ఉన్నాడంట. దొడ్డి మెత్తనంట. ఈయమ్మ కండ్లారా చూసిందంట. అంతకు ముందు వారం గూడా చూసిందంట. ఆ రెండు దినాలూ వాడు మైదుకూరులో నా పక్కన పండుకున్యాడు."

నాగజ్యోతి నా వైపు తిరిగింది.

"చూసినానని రాసినావా అక్కా? నేను డబ్బా మాత్రమే గదా ఇచ్చింది. బిడ్డ నిద్రపోతాండాడంటే నమ్మి, చూడలేదని రాసుకుంటావనుకున్యా."

"నాకు మొదటిరోజే తెలుసు" అన్నాను. "శెనక్కాయ ముక్కలు ఉండె. వాడిది కాదని తెలుసు. పేరు పోతాదని టిక్కు పెట్టినా."

"తెలిసి, మొన్న నేను ఏడ్చినప్పుడు గూడా చెప్పలేదా?"

సుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. "ఇది అబద్ధం రాసినావు. మరి ముందర రాసినవి నిజమని మేమెట్ల నమ్మాల?"

అవన్నీ నిజమే. అక్షరం అక్షరం నిజం. పదకొండు నెలలు ఒక్క గడి తప్పు రాయలేదు. కానీ అది చెప్పాల్సినది నేనే, నా మాటకు ఇక విలువ లేదు. నాగలక్ష్మమ్మ మాత్రం ఊరుకుంటుందా? "చూసినావా సుబ్బయ్యన్నా, ఇట్లాంటోళ్ల చేతికి నా మనవని దొడ్డి ఇచ్చింది ఈ మహాతల్లి. ఇంగ నా మనవన్ని ఈమె గడప తొక్కనీను" అంది. నాగజ్యోతి నన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది.

అప్పుడే అత్త "అయ్యో" అని లేచింది. ఆమె చీర తడిసింది. బిడ్డ కాళ్ల వెంట నీళ్లు కారి నేల మీది బండల పొడిలో మడుగు కట్టాయి. పసుపుగా, పలచగా, అన్నం గంజి పైతేటలా ఉన్నాయి. కొంగు జారి బిడ్డ ముఖం బయటపడింది. కళ్లు లోపలికి పోయాయి. పెదవులు ఎండి పొరలు లేచాయి. ఏడవడానికి నోరు తెరిచాడు గానీ చప్పుడు రాలేదు, ఒక్క కన్నీటి చుక్క రాలేదు.

ముప్పావుగంటగా నేను ఆ బిడ్డకు మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. పుస్తకం చదువుతూ, నా తప్పు ఎలా దాచాలా అని చూసుకుంటూ కూర్చున్నాను. దొడ్డి చూసి ఇంట్లో వంట చెప్పగలిగినదాన్ని, బిడ్డను చూడలేదు.

నాగజ్యోతి ఎవరినీ అడగలేదు. బిడ్డను లాక్కుని, తొట్టి దగ్గర తన చేతులతో కడిగి, పైటతో తుడిచింది. పొట్ట మీద చర్మం వేళ్లతో పట్టుకుని వదిలింది. అది నేను నేర్పిందే. ముడత వెంటనే పోలేదు, ఒంట్లో నీళ్లు తగ్గిపోయాయి.

"ఎన్ని దినాలైంది?" అంది. అత్తను ఆమె అలా గద్దించడం నేనెప్పుడూ వినలేదు.

"నాలుగు దినాలు" నాగలక్ష్మమ్మ గొణిగింది. "పళ్లు వచ్చేటప్పుడు మామూలే గదా అని..."

"నీళ్లు పోసినారా?"

"నీళ్లు పోస్తే ఇంకా జారిపోతాడని ఆపినాము. గట్టిపడాలని కాల్చిన జాజికాయ అరగదీసి పెట్టినా."

"నాలుగు దినాలు నీళ్లు ఆపినారా నా బిడ్డకు!"

ఆ కేక షెడ్డంతా మోగింది. శివశంకర్ వాళ్లమ్మ వైపు చూశాడు. ఆమె తడి చీర పట్టుకుని నిలబడి ఉంది, ఒక్కసారిగా ముసలిదైపోయింది. సుబ్బయ్య కుర్చీలోంచి లేచాడు.

"ఏమమ్మా, మైదుకూరులో ఎవరికిచ్చినారు దొడ్డి? ఆడ డబ్బా పట్టుకపోయేటోళ్లు లేరు గదా. మరి బేదులెట్ల వచ్చె?" అన్నాడు. జవాబు కోసం ఆగలేదు. "ఇంగ పంచాయితీ లేదు, ఏమీ లేదు. బిడ్డ తల్లి దగ్గర్నే ఉంటాడు. శివా, ఏం చూస్తాండావప్పా, ఆటో పిలువు. పెద్దాస్పత్రికి పోండి."

ఆటో వచ్చింది. నాగజ్యోతి బిడ్డతో ఎక్కింది, శివశంకర్ పక్కన కూర్చున్నాడు. నా సంచిలో ఎప్పుడూ ఉండే ఓఆర్‌ఎస్ పొట్లం నీళ్ల సీసాలో కలిపి చెంచాతో సహా అందించాను. తీసుకుంది. నేను కూడా ఎక్కబోయాను.

"నువ్వు రావద్దు" అంది. అక్కా అనలేదు.

ఆటో పోయింది. నాగలక్ష్మమ్మ తొట్టి దగ్గర చీర కడుక్కుంటోంది. సబ్బు కోసం అటూ ఇటూ చూసింది. గూట్లో ఉన్నది తీసి ఇచ్చాను. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

రావద్దన్నా పోయాను. షేర్ ఆటోలో ఇరుక్కుని పెద్దాస్పత్రికి చేరేసరికి పిల్లల వార్డులో భూపేష్‌కు సెలైన్ పెట్టేశారు. చిన్న చేతికి అట్టముక్క కట్టి, సూది కదలకుండా ప్లాస్టర్ వేశారు. తలుపు దగ్గర నిలబడి చూశాను. శివశంకర్ నేనిచ్చిన ఓఆర్‌ఎస్ సీసా పట్టుకుంటే నాగజ్యోతి చెంచాతో పెదవులు తడుపుతోంది. మొగుడు ఏదో అంటున్నాడు. ఈసారి మైదుకూరు మాట కాదు, "మన ఇంటికే పోదాంలే" అనడం నాకు వినపడింది. ఆమె తల ఊపింది. ఆమెకు కావలసింది ఆమెకు దక్కింది. నా పుస్తకం వల్ల కాదు.

నర్సు కాగితం పట్టుకుని బిడ్డ పాత జబ్బుల సంగతి అడుగుతోంది. ఇంతకు ముందు ఎప్పుడెప్పుడు వచ్చాయి, ఎన్ని రోజులున్నాయి, టీకాలన్నీ వేశారా? నాగజ్యోతి తడబడుతూ చెబుతోంది. తేదీలు ఆమెకు గుర్తు లేవు. నాకు అన్నీ గుర్తున్నాయి. గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. ఒక అడుగు లోపలికి వేశాను.

నర్సు తలెత్తింది. "ఒక్కరే ఉండాలమ్మా మంచం దగ్గర. తండ్రి ఉన్నాడు, అదే ఎక్కువ." తరువాత నాగజ్యోతిని అడిగింది. "ఈమె మీకు ఏమవుతుంది?"

నాగజ్యోతి నన్ను చూసింది. కోపంగా లేదు. అలసిపోయి ఉంది. కాసేపు ఆలోచించింది కూడా.

"ఏమీ కాదు సిస్టర్" అంది. మళ్లీ బిడ్డ వైపు తిరిగింది.

తేదీలు ఒక చీటీ మీద రాసి నర్సు బల్ల మీద పెట్టి వచ్చేశాను. చీటీలో ఒక్క అబద్ధం లేదు. రేపు ఆఫీసులో పుస్తకం ఇచ్చి ఆ మూడు వరుసల సంగతి చెప్పేయాలని మెట్లు దిగుతూ అనుకున్నాను. ఉద్యోగం పోతుంది. మిగతా ముప్పై మూడు గుమ్మాలు కూడా పోతాయి. ఆ కుర్చీల మీద నాకు అంత ప్రేమ ఉందని అప్పటిదాకా తెలియదు.

కింద వరండాలో ఎవరో పల్లెటూరామె అన్నం మూట ముందు పెట్టుకుని కూర్చుని ఉంది. నా ముఖం చూసి జాలిపడింది.

"నీ బిడ్డకు ఎట్ల ఉండాదమ్మా?" అని అడిగింది.

మూడు వారాల కిందటైతే ఏం చెప్పేదాన్నో నాకు బాగా తెలుసు. బాగుంటాడమ్మా అని, ఇంకో నాలుగు మాటలు చెప్పి, ఆమె పక్కన కూర్చుని ఉండేదాన్ని.

"నాకు బిడ్డల్లేరమ్మా" అన్నాను. ఆ మాట నేను నా నోటితో అనడం అదే మొదటిసారి.

ఆమె మూట జరిపి పక్కన చోటిచ్చింది. కూర్చోమంటుందేమోనని కాసేపు నిలబడ్డాను. అంతలో లోపలినుంచి ఎవరో పిలిస్తే ఆమె మూట తీసుకుని లేచి వెళ్లిపోయింది.